గ్రూప్ రైడ్ కోసం కస్టమ్ స్టీల్ రేస్ సైకిల్ కట్టించుకోవడం తెలివైన పనేనా?

మెల్లగాలి:
మా బృందంలో ఈ వాదన ఎంతకూ తెగడం లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. నా ఒంటి కొలతలకు సరిపడే స్టీల్ రేస్ సైకిల్ ఒకటి కట్టించుకోవాలని ఉంది. పోటీలకు కాదు, వేగంగా సాగే గ్రూప్ రైడ్‌లకే. ఆ డబ్బుతో మంచి కార్బన్ ఫైబర్ సైకిల్ వస్తుందనీ, స్టీలు మీద మోజు పాత ఫొటోలు చూసి పుట్టిందేననీ కొందరు అంటున్నారు. స్టీలు ఎక్కినవాడు మరొకటి ముట్టడని ఇంకొందరు అంటున్నారు. రెండు మాటలూ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. కారణాలతో చెప్పగలిగినవారు దయచేసి చెప్పండి.

ఎత్తుపల్లం:
మొహమాటం లేకుండా చెబుతాను, వద్దు. స్టీల్ ఫ్రేముపై టూర్ ద ఫ్రాన్స్ గెలవడం 1994లో మిగెల్ ఇండురైన్‌తోనే ఆగిపోయింది. వృత్తి రేసర్లు స్టీలును వదిలింది ఫ్యాషన్ కోసం కాదు, బరువు కోసం. మంచి స్టీల్ ఫ్రేము 1.6 నుంచి 1.9 కిలోల వరకు తూగితే, మంచి కార్బన్ ఫ్రేము కిలోకు అటూఇటూగా ఉంటుంది. మొత్తం మీద తేడా ఒక కిలో అనుకుందాం. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలైతే, 20 నిమిషాల నిటారు ఎక్కుడులో ఆ కిలో వల్ల దాదాపు 14 సెకన్లు పోతాయి. ఇదీ ఒక లెక్కేనా అని నవ్వేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో 14 సెకన్లంటే దాదాపు 60 మీటర్లు. ఒంటరిగా తొక్కేవారికి అది పట్టదు గానీ, గుంపుతో వెళ్ళేవారికి కొండ దాటగానే ముందువారి గాలిచాటు దక్కుతుందా, లేక ఎదురుగాలిలో ఒంటరిగా వెంటపడాలా అన్నది ఆ 60 మీటర్లే తేలుస్తాయి.

కొలతబద్ద:
ఎత్తుపల్లం గారి లెక్కలో తప్పు లేదు, కాకపోతే అది సమానమైన బలం ఉన్న ఇద్దరి మధ్య లెక్క. ఏ గుంపులోనైనా మనుషుల మధ్య ఉండే తేడా ఆ 14 సెకన్లకు ఎన్నో రెట్లు ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు నింపి పెట్టుకుంటేనే ఒకటిన్నర కిలో అదనం. పోటీల్లో సైతం 6.8 కిలోలకు తక్కువ తూగే సైకిల్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి అనుమతించడం లేదు.

అయితే స్టీలు పక్షం వారి వాదన కూడా నిలిచేది కాదు. స్టీలుకు సహజంగా ఒక మెత్తదనం ఉంటుందని, గతుకులను అదే మింగేస్తుందని చెబుతారు. 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531 అనే స్టీలు గొట్టాలైనా, ఆ తరువాతి 853, 953 రకాలైనా, సాగే గుణంలో అన్నీ ఇంచుమించు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. పెరిగింది బలం మాత్రమే. బలం పెరిగింది కాబట్టి గొట్టం గోడను పలుచన చేయగలిగారు. కొసల్లో 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని గోటితో మీటి చూడండి, కొసన మొద్దుగానూ నడుమ గంటలాగానూ మోగుతుంది. ఆ మోత వినడం నాకూ ఇష్టమే. కానీ త్రికోణాలుగా బిగించిన ఫ్రేము నిలువుగా వంగేది అత్యల్పం. గతుకుల్లో హాయినిచ్చేది టైరు. 23 మిల్లీమీటర్ల టైరు తీసి 28 వేసి గాలి కాస్త తగ్గిస్తే ఏ లోహమూ ఇవ్వలేని సుఖం దొరుకుతుంది.

మరి స్టీలు ఎందుకు? అచ్చు అక్కరలేదు కాబట్టి. ఒకే పోతగా వచ్చే కార్బన్ ఫ్రేముకు ప్రతి సైజుకూ ఖరీదైన అచ్చు కావాలి, అందుకే తయారీదారు కొన్ని సైజులతో సరిపెడతాడు. స్టీలుకు గొట్టం కోసి, కొసను గుండ్రంగా అరగదీసి, కోణం కుదిర్చి అతికించడమే పని, ఒక్కరి కోసం చేసినా వంద మంది కోసం చేసినా పని అంతే. అందువల్ల మీరు అడగవలసిన ప్రశ్న, మీ శరీరం ఆ తయారు సైజుల్లో ఇముడుతుందా లేదా అన్నది. ఇమిడితే కార్బన్ కొనుక్కోండి, నేనేమీ అనను.

చివరివరుస:
ఇద్దరూ సైకిల్ గురించే మాట్లాడుతున్నారు, గుంపు గురించి కాదు. 2018లో గాలి ప్రవాహాల పరిశోధకుడు బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది రైడర్ల నమూనాపై చేసిన అధ్యయనంలో, గుంపు నడిమధ్యన ఉన్నవారికి తగిలే గాలి నిరోధం ఒంటరివారికి తగిలే దానిలో 5 నుంచి 10 శాతానికి పడిపోతుందని తేలింది. మన గుంపులు అంత పెద్దవి కావు, అంత ఒత్తుగా ఉండవు. అయినా ఒకరి వెనుక నిలిచిన క్షణం నుంచే ఫ్రేము గొట్టాలు గుండ్రమా, గాలిని చీల్చే చదునా అన్న పట్టింపు చాలామటుకు పోతుంది.

ఆ చాటు దక్కాలంటే ముందువారి చక్రానికి జానెడు దూరంలో ఉండాలి. గుంపు రెండు వరుసలుగా సాగుతూ, ఆ వరుసలు తిరుగుతుంటాయి. ముందున్నవారు పక్కకు జరిగి నెమ్మదిస్తారు, వారిని ఒక్కొక్కరూ దాటుతుంటారు, ఆఖరి మనిషి దాటుతూ "లాస్ట్" అంటాడు. నెమ్మదించినవారు ఆ మాట చెవిన పడేలోపే కాళ్ళు కాస్త బిగించాలి, లేకపోతే ఆ ఆఖరి మనిషి చక్రం చేజారుతుంది. ఇదంతా బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ చలించకుండా జరిగినప్పుడు కలిగే ఆనందం వేరు. అందుకే నా దృష్టిలో గుంపుకు కావలసింది వంకర పోని సైకిల్. పక్కవారికంటే ఎప్పుడూ అరచక్రం ముందుండి వేగం పెంచుతూపోయేవారి సంగతి వేరే, వారిని ఏ ఫ్రేమూ బాగుచేయలేదు.

ఎత్తుపల్లం:
సైకిల్ ఒంటికి ఇమడాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ అది స్టెమ్, అంటే హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క, మార్చి, సీటు జరిపి, హ్యాండిల్ కింద రింగులు వేసి సాధించవచ్చు. కస్టమ్ ఫ్రేము ఇవాళ్టి శరీరానికి కడతారు. నాలుగేళ్ళకు నడుము వంగనంటే ఏం చేస్తారు? పైగా ముందే ఎక్కి చూసే వీలు లేని వస్తువును కొంటున్నారు.

మెల్లగాలి:
ఒక వివరం చెప్పడం మరచిపోయాను. నేను పొట్టి. ఇప్పుడున్న సైకిల్ ఆ కంపెనీ సైజుల్లో అన్నిటికంటే చిన్నది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు నా బూటు ముందు చక్రానికి తగులుతుంది. మనిషి నడక వేగంలో సాగే ఎక్కుడులో హ్యాండిల్ ఒక పక్కకు వాలిపోతున్నట్టు ఉంటుంది, నా వెనుక ఉన్నవారు దూరం జరుగుతున్నారు.

కొలతబద్ద:
స్టెమ్‌తో తీరని జబ్బు ఇదే. చిన్న ఫ్రేములో మామూలు చక్రం పట్టడానికి హెడ్ ట్యూబ్‌ను, అంటే ఫ్రేము ముందు గొట్టాన్ని, 71 డిగ్రీల దాకా వాలుస్తారు, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మాత్రం పెద్ద సైజులకు వాడే 43 మిల్లీమీటర్ల వంపుదే బిగిస్తారు. స్టీరింగు గీత నేలను తాకే చోటికీ టైరు నేలను తాకే చోటికీ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. 73 డిగ్రీల రేస్ సైకిల్‌లో అది 58 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, మీ లాంటి సైకిల్‌లో 70 దాటుతుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు హ్యాండిల్ వాలడానికి కారణం అదే. వేగంలో ఇది అంతగా తెలియదు. స్టీలు ఫోర్కును కట్టేవారు 55 మిల్లీమీటర్లకు వంచి ఇస్తే ట్రెయిల్ 58కి దిగుతుంది, చక్రం 12 మిల్లీమీటర్లు ముందుకు జరిగి కాలికి దారి వస్తుంది. తయారు కార్బన్ ఫోర్కుల్లో ఈ వంపు దొరకడం అరుదు. అది కూడా చాలకపోతే మామూలువాటికంటే చిన్నవైన 650బి చక్రాలతో కట్టించుకోవచ్చు.

ఎత్తుపల్లం:
ఈ ఒక్క కేసులో నా అభ్యంతరం వెనక్కు తీసుకుంటున్నాను. 14 సెకన్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

మెల్లగాలి:
అవి నా దగ్గరే ఉండనివ్వండి. కట్టేవారి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఏం తీసుకువెళ్ళాలి?

కొలతబద్ద:
మీ బూట్లు, మీ పెడళ్ళు, ఇప్పటి సైకిల్. వాడబోయే టైరు వెడల్పు ముందే చెప్పండి. గొట్టాల పేర్ల గురించి చివర్లో మాట్లాడుకోవచ్చు.