రైజెన్ 5 5600ను కొద్దిగా ఓవర్‌క్లాక్ చేసుకోవడానికి పదివేల లోపు మదర్‌బోర్డు ఏది?

ప్రశ్న (అనంతపురం నుండి)

మిత్రులందరికీ నమస్కారం. అనంతపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. కొత్త సిస్టం కోసం రైజెన్ 5 5600 ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు ఇప్పటికే కొని పెట్టుకున్నాను. ఇక మిగిలింది మదర్‌బోర్డు. దానికి పదివేల రూపాయలకు మించి పెట్టలేను. బయోస్‌లో (బోర్డును నడిపే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) రెండు మూడు సెట్టింగులు మార్చి ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్‌ను దాని నిర్ణీత వేగం కంటే ఎక్కువగా నడిపి, రెండరింగ్ కొంత త్వరగా ముగిసేలా చేసుకోగలిగితే నాకు చాలు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో విచారిస్తే ఒక దుకాణంలో ఏ520 చిప్‌సెట్ (బోర్డు సదుపాయాలను నిర్ణయించే చిప్) ఉన్న బోర్డు సరిపోతుందన్నారు, పక్క దుకాణంలో బీ450 తీసుకోమన్నారు, ఇంకొకరు బీ550 తప్ప వేరేది వద్దన్నారు. ఎవరూ కారణం చెప్పలేదు. స్టూడియో బండల మిద్దె కింద ఉంది, ఏసీ లేదు. ఏమి చూసి బోర్డు ఎంచుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (కర్నూలు నుండి)

ముందుగా ఏ520ను పక్కన పెట్టండి. రైజెన్ 5 5600లో మల్టిప్లయర్‌కు (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) తాళం లేదు కానీ, దాన్ని మార్చుకునే అవకాశాన్ని తయారీ సంస్థ ఏఎండీ ఏ320, ఏ520 చిప్‌సెట్‌లకు ఇవ్వలేదు. 2018లో వచ్చిన బీ450కు, 2020లో వచ్చిన బీ550కు ఇచ్చింది. ర్యామ్‌ను ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌తో దాని అసలు వేగానికి తెచ్చుకోవడం మాత్రమే మీకు కావలసి ఉంటే ఏ520 అయినా సరిపోయేది. ఇంటెల్ వైపు పరిస్థితి ఇంకా ఖరీదైనది. అక్కడ పేరు చివర కె ఉన్న ప్రాసెసర్‌తో పాటు జెడ్ తరగతి బోర్డు కూడా ఉండాలి కాబట్టి, మీ బడ్జెట్‌కు ఏఎండీ తీసుకోవడమే మంచిదైంది.

బీ450, బీ550లలో రెండోదే తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డుకూ, ప్రధాన ఎన్‌విఎంఈ డ్రైవ్‌కూ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) అది పీసీఐఈ 4.0 (మరింత వేగమైన కనెక్షన్) ఇస్తుంది, బీ450 ఇచ్చేది 3.0. పైగా బీ450 బోర్డులు ఈ ప్రాసెసర్ కంటే చాలా ముందువి. పాత సరుకు అంటగడితే బయోస్ అప్‌డేట్ చేసేదాకా స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ఈ చిక్కు ఉండదు. ఎంఎస్ఐ బీ550ఎం ప్రో-వీడీహెచ్ వైఫై, గిగాబైట్ బీ550ఎం డీఎస్3హెచ్, ఆసుస్ టఫ్ గేమింగ్ బీ550ఎం-ప్లస్ మూడింటిలోనూ ఆ సదుపాయం ఉంది. అప్‌డేట్ చేసేటప్పుడు సిస్టం తప్పనిసరిగా యూపీఎస్ మీద ఉండాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

జవాబు 2 (కడప నుండి)

కర్నూలు మిత్రులు చిప్‌సెట్ గురించి చెప్పినదంతా సరైనదే. అయితే ఓవర్‌క్లాకింగ్‌కు చిప్‌సెట్ అనుమతి మాత్రమే ఇస్తుంది, బరువు మోయవలసింది వీఆర్‌ఎం. పవర్ సప్లై నుండి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన 1.2, 1.3 వోల్టులకు దించే భాగం అది. సాకెట్‌కు ఎడమ పక్కన, పైన వరుసగా కనిపించే చిన్న చదరపు దిమ్మెలు, వాటి పక్కనున్న నల్లటి మాస్‌ఫెట్ చిప్‌లు అవే. ప్రాసెసర్ 1.25 వోల్టుల దగ్గర 100 వాట్లు తీసుకుంటోందంటే ఆ చిప్‌ల గుండా 80 ఆంపియర్లు ప్రవహిస్తున్నాయని అర్థం. కరెంటు రెట్టింపైతే నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల డబ్బా మీది పేరు కంటే ముందు, ఆ చిప్‌ల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందా, ఉంటే రెండు వరుసల మీదా ఉందా, స్క్రూలతో బిగించారా లేక పిన్నులతో సరిపెట్టారా అన్నది చూడండి. హీట్‌సింక్ అసలే లేని బీ550 బోర్డులు కూడా అమ్ముతున్నారు. వాటి మీద ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్లకండి.

ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఇంటర్నెట్‌లో కనిపించే పరీక్షల్లో చాలా వరకు ఏసీ గదుల్లో చేసినవి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు బండల మిద్దె కింద గది సాయంత్రానికి కూడా చల్లబడదు. గది ఎంత వేడెక్కితే వీఆర్‌ఎం, ప్రాసెసర్ దాదాపు అంత వేడెక్కుతాయి. ఇంకొక మాట. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ గాలిని కిందికి ఊదుతుంది కాబట్టి ఆ గాలి కొంత వీఆర్‌ఎం మీద కూడా పడుతుంది. దాన్ని తీసి టవర్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది కానీ వీఆర్‌ఎంకు ఆ గాలి అందదు. అప్పుడు కేబినెట్ వెనుక గాలి బయటికి లాగే ఫ్యాన్ తప్పనిసరి.

మొదటి జవాబులోని మూడింటిలో టఫ్ బోర్డుకు రెండు వైపులా హీట్‌సింక్‌లు ఉన్నాయి. మీ బడ్జెట్‌లో దొరికితే నేను దానికే ఓటు వేస్తాను.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు అన్నా. టఫ్ బోర్డు ధర కనుక్కుంటాను. అయితే వేగాన్ని 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా పెట్టేయడం మేలా, పీబీఓ (ప్రాసెసర్ పరిస్థితిని బట్టి తానే వేగం పెంచుకునే ఏఎండీ సదుపాయం) వాడడం మేలా? నిజంగా ఎంత లాభం ఉంటుంది?

జవాబు 3 (కడప నుండి)

లాభం విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఈ ప్రాసెసర్ తనంతట తానే 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. అక్కడి నుండి 4.6కు చేరితే గంట పట్టే రెండరింగ్‌లో తగ్గేది రెండున్నర నిమిషాలు, అది కూడా ప్రాసెసర్ మీదే భారం పడే పనిలో మాత్రమే.

మీకైతే నేను పీబీఓ, దానిలోని కర్వ్ ఆప్టిమైజర్ మాత్రమే సూచిస్తాను. స్థిరమైన వేగం పెట్టినప్పుడు, గది ఎంత వేడిగా ఉన్నా మీరు ఇచ్చిన వోల్టేజీనే ప్రాసెసర్ పట్టుకుని కూర్చుంటుంది. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకు మైనస్ 10 ఇస్తే అదే వేగాన్ని తక్కువ వోల్టేజీతో నడుపుతుంది, ఆ మిగిలిన వెసులుబాటును వేగం పెంచుకోవడానికి వాడుకుంటుంది, వేడి పెరిగితే తానే వెనక్కి తగ్గుతుంది. మన ఎండలకు ఈ పద్ధతే తగినది. మైనస్ 10 నిలబడితే 15కు, తర్వాత 20కి వెళ్లండి.

పరీక్షించేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. సినీబెంచ్ (ప్రాసెసర్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్) అరగంట సాఫీగా నడిచినంత మాత్రాన సెట్టింగు నిలబడినట్లు కాదు. కర్వ్ ఆప్టిమైజర్ శ్రుతి మించితే సిస్టం తరచుగా భారం మీద కాక, ఖాళీగా ఉన్నప్పుడో, బ్రౌజర్ తెరిచినప్పుడో రీస్టార్ట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్ నమోదవుతుంది. అది కనిపిస్తే అయిదు వెనక్కి రండి (ఉదాహరణకు మైనస్ 20 నుండి మైనస్ 15కు). ఉష్ణోగ్రతలను హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి.

జవాబు 4 (కర్నూలు నుండి)

రెండు సంగతులు చేరుస్తాను. ర్యామ్‌లను సాకెట్ నుండి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, లేకపోతే అవి డ్యూయల్ ఛానల్‌లో (రెండు ర్యామ్‌లు ఒకేసారి పనిచేసే పద్ధతి) తమ పూర్తి వేగంతో నడవవు. పీబీఓతో సహా ఏ ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైనా ఏఎండీ వారంటీ వర్తించదు, కాబట్టి మొదటి వారమంతా ఏమీ మార్చకుండా నడిపి, బోర్డులోనో ర్యామ్‌లోనో లోపం ఉంటే ముందే బయటపడనివ్వండి. దుకాణంలో బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు రాయించుకోండి.