హంతకులెవరో మొదట్లోనే చెప్పేస్తే అది డిటెక్టివ్ నవలేనా?

లెక్కల మాస్టారి అమ్మాయి:
మా నాన్న కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం. "కొత్త డిటెక్టివ్ నవల ఏదైనా తెచ్చిపెట్టమ్మా" అంటే, జపాన్ రచయిత కెయిగో హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' ఇంగ్లీషు అనువాదం ఇచ్చాను. గంటలో తిరిగి నా చేతిలో పెట్టారు. "చంపింది ఆ తల్లీకూతుళ్ళని మొదట్లోనే చెప్పేశాడు. ఇంక నేను వెతకడానికి ఏముంది? నేరం కథ అను, ఒప్పుకుంటాను. డిటెక్టివ్ నవల అనకు" అన్నారు. నేను కాదంటున్నాను. మీరేమంటారు? ముగింపు మాత్రం ఎవరూ చెప్పకండి. నాకింకా ఆశ చావలేదు.

పాత అట్టల పురుగు:
నేను మీ నాన్నగారి పక్షం. డిటెక్టివ్ నవల అంటే రచయితకూ పాఠకుడికీ మధ్య పందెం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు ఆ పందేనికి పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, ముందుగా సూచించకుండా కవలలను దించకూడదు. (ఈ ఆఖరిది మన సినిమాలకు వర్తింపజేస్తే ఎంతమంది హీరోలు ఇబ్బంది పడేవారో!) ఎవరు చంపారో ముందే చెప్పేస్తే పందెం ఎక్కడుంది?

నిశాచరి:
నాక్స్ కంటే 17 ఏళ్ళ ముందే, 1912లో, ఇంగ్లండు రచయిత ఆస్టిన్ ఫ్రీమన్ 'ది సింగింగ్ బోన్' కథల్లో ఈ పని చేశాడు. ముందు నేరం చూపిస్తాడు, తర్వాత డిటెక్టివ్ దాన్ని ఎలా పట్టుకుంటాడో చూపిస్తాడు. మీరు కొత్త వింత అంటున్నది మీ నియమాల కంటే పాతది.

పాత అట్టల పురుగు:
పాతదైనంత మాత్రాన పందెం అయిపోతుందా?

తాళం వేసిన గది:
ఈ తగువు జపాన్‌లోనే పెద్దగా జరిగింది. నవల 2005లో వచ్చింది, అక్కడి పేరున్న సాహిత్య బహుమతి నవోకి పురస్కారం అందుకుంది. అక్కడ పక్కా తర్కంతో నడిచే డిటెక్టివ్ కథను 'హోంకాకు' అంటారు, అంటే అసలు సిసలైనది. దీన్ని ఆ కోవలో చేర్చవచ్చా అని రచయితలు, విమర్శకులు పత్రికల్లో వాదులాడుకున్నారు. రెయితో నికైదో అనే రచయిత చేర్చకూడదన్నాడు. పాఠకుడు సొంతంగా నిజాన్ని తేల్చుకోవడానికి ఆధారాలు చాలవన్నది ఆయన అభ్యంతరం. అయినా 2006లో హోంకాకు మిస్టరీ పురస్కారం దీనికే ఇచ్చారు.

గమనించండి, నికైదో అడిగింది 'ఆధారాలు చాలినన్ని ఉన్నాయా' అని. హంతకులు ముందే తెలియడం గురించి కాదు. నాన్నగారిది వేరే ఫిర్యాదు, దానికి నా జవాబు ఇది: ఇందులో పందెం 'ఎవరు' మీద లేదు. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆ తల్లీకూతుళ్ళను కాపాడటానికి పూనుకుంటాడు. ఏం చేశాడన్నదే ముడి. పరీక్షలో తానిచ్చే ప్రశ్న గురించి ఆయన ఒక మాట అంటాడు: చూడటానికి జ్యామితి లెక్కలా ఉంటుంది, నిజానికి అది బీజగణితం. నా లెక్కన ఆధారం ఆ మాటే. అందరి ముందూ పెట్టి, ఎవరికీ కనిపించకుండా దాచాడు. అది చదివి కూడా నేను దాటిపోయాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాత అట్టల పురుగు:
సరే, సగం ఒప్పుకుంటాను. మిగతా సగం నికైదోకు. కానీ చదివేవారికి ఇష్టం లేని మందు నోట్లో పోయడం ఎందుకు? మీ నాన్నగారికి జపాన్ రచయిత సెయిషి యొకొమిజో 'ది హోంజిన్ మర్డర్స్' ఇవ్వండి. 1946 నాటి కథే అయినా ఇంగ్లీషులోకి 2019లో వచ్చింది కాబట్టి మనకు కొత్తదే. పెళ్ళిరాత్రి, మూసిన గది, బయట మంచు. కొత్తదే కావాలంటే బెంజమిన్ స్టీవెన్సన్ 2022లో రాసిన 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్'. కథ చెప్పేవాడు నాక్స్ నియమాలు ముందు పెట్టి, చావులు ఏయే పేజీల్లో వస్తాయో కూడా మొదట్లోనే చెప్పేస్తాడు.

నిశాచరి:
అన్నీ ముందే చెప్పే పుస్తకాన్ని మీరే సూచిస్తున్నారు!

పాత అట్టల పురుగు:
పేజీలే చెప్పాడండీ, పేర్లు చెప్పలేదు.

లెక్కల మాస్టారి అమ్మాయి:
జ్యామితి, బీజగణితం మాట నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అది డిటెక్టివ్ నవల కాదనే ఇప్పటికీ అంటాను. ఆ మాస్టారు ప్రశ్నపత్రం ఎలా తయారుచేస్తాడో మాత్రం చూడాలి" అని పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళారు. పెన్సిలు కూడా పట్టుకెళ్ళారు.