కలంకారీ తెరలో నల్లగీతలే ఎందుకు చిరుగుతున్నాయి?

కొర్లగుంట పద్మ, తిరుపతి:
అమ్మమ్మ శ్రీకాళహస్తిలో కొన్న కలంకారీ తెర మా ఇంట్లో ఉంది. సీతాకల్యాణం బొమ్మ, ఆరడుగుల నిలువు. మొన్న పెట్టెలోంచి తీసి విప్పితే ఎరుపు, పసుపు ఉన్నచోట బట్ట గట్టిగానే ఉంది. నల్లగీతల వెంట మాత్రం బ్లేడుతో కోసినట్టు విడిపోతోంది. సీతమ్మ కంటి చుట్టూ గీత రాలి చిల్లు పడింది. చూసి ఏడుపొచ్చింది. ఫ్రేములు కట్టే దుకాణంలో వెనక జిగురుతో గుడ్డ అంటించి, గీతలు కొత్తగా దిద్దుతామంటున్నారు. ఇవ్వవచ్చా?

చంద్రగిరి వాసి:
ముందు డ్రైక్లీనింగ్ చేయించండి. మురికి పోతుంది.

పాత బట్టల వైద్యుడు:
రెండూ వద్దమ్మా. మ్యూజియంలో బట్టల మరమ్మతు పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను, ఇలా చిరిగినవి చాలా చూశాను. కలంకారీ బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో దాని మీద గీస్తే, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్ల తరబడి నూలుపోగును తినేస్తుంది, తేమ తగిలితే మరీను. ఎరుపుకు వాడేది పటిక కాబట్టి అక్కడ బట్ట నిలిచింది.

గీతలు దిద్దనివ్వకండి. ఆనాటి కళాకారుడి చేతిగీత మీద ఇంకొకరి గీత పడితే మళ్లీ పాతది దొరకదు. జిగురు ఎండి బిగుసుకుంటే తీయబోయినప్పుడు పోగులు కూడా ఊడి వస్తాయి. మేమైతే వెనక అదే రంగు అద్దిన పలుచని బట్ట పెట్టి, వెంట్రుకంత పట్టుదారంతో కుడతాం. కావాలంటే రేపు ఆ కుట్లు విప్పవచ్చు. కన్ను చిల్లు చిల్లుగానే ఉంటుంది, వెనక బట్ట రంగు వల్ల దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనబడదు.

ప్రస్తుతానికి తడి తగలనివ్వకండి, మడత పెట్టకండి. లావాటి గొట్టానికి గంజి లేని తెల్ల నూలుబట్ట చుట్టి, బొమ్మ పైకి ఉండేలా దాని మీద చుట్టండి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో 1930 నుంచి పరిరక్షణ ప్రయోగశాల ఉంది. ఫొటోలు తీసుకుని అక్కడికి వెళ్లి సలహా అడగండి.

కొర్లగుంట పద్మ:
చాలా ధన్యవాదాలు సార్. దుకాణానికి ఇవ్వను. పెట్టె అడుగున నల్లటి నలుసులు రాలి ఉన్నాయి, ఊడ్చేయవచ్చా?

పాత బట్టల వైద్యుడు:
వద్దమ్మా! మెత్తటి కుంచెతో కాగితం పొట్లంలోకి తీసి, పైన తేదీ రాసి తెరతోపాటే ఉంచండి. రంగు పరీక్షించాలంటే తెరలోంచి పోగు తీయకుండా ఆ నలుసులే సరిపోతాయి.