హైదరాబాద్ నుంచి హనుమకొండకు మారుతున్నాం, ఇల్లు ఎటువైపు చూడాలి?

ప్రశ్న: మేమిద్దరం, ఏడేళ్ల పాప, అత్తమ్మ, మామయ్య, మొత్తం ఐదుగురం. వారానికి ఒకరోజు సికింద్రాబాద్ ఆఫీసుకు పోవాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మామయ్యకు గుండెకు స్టెంట్ ఉంది. ముందు అద్దెకే చూస్తున్నాం. ఏరియా, నీళ్లు, ఆస్పత్రి, సెలవు రోజుల్లో పాపను తిప్పే చోట్లు... తెలిసినవాళ్లు చెప్పండి.

జంక్షన్ వాసి: వారానికో రోజు ప్రయాణం ఉంది కాబట్టి కాజీపేట స్టేషన్‌కు దగ్గరగా చూసుకోండి. అక్కడి నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైల్లో రెండు, రెండున్నర గంటలు. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. సికింద్రాబాద్–ఢిల్లీ రైళ్లు కాజీపేట నుంచే అటు మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ–ఢిల్లీ రైళ్లలో చాలావరకు వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేటకు పోవు. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి, రెండింటి మధ్య దాదాపు పది కిలోమీటర్లు. వారానికి ఒక్కసారికి సీజన్ పాస్ దండగ, సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ చాలు. రైలు తప్పితే హనుమకొండ బస్టాండ్ నుంచి బస్సెక్కి ఉప్పల్‌లో దిగండి, అక్కడ మెట్రో దొరుకుతుంది.

చెరువుకట్ట: రైలు సరే, అంతకంటే ముందు నాలా చూడండి. ఇది కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందికి పోవాల్సిందే, దారిలో కాలనీ ఉంటే కాలనీలోకే వస్తాయి. వడ్డేపల్లి చెరువు మిగులు నీళ్లు నయీంనగర్ నాలాలోకే వస్తాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో లోతట్టు కాలనీలన్నీ మునిగాయి. ఇల్లు చూడబోయినప్పుడు ఓనరును అడక్కండి, పక్కింటి కిరాయిదార్లను, మూలమీది కిరాణా షాపాయనను అడగండి. ప్రహరీగోడ కింద సున్నం పొంగి పెచ్చులూడిన గీత ఒకే ఎత్తులో సాగితే అది నీళ్లు నిలిచిన మట్టం. కొత్తగా రంగు వేసి ఉంటే కరెంటు మీటరు బోర్డు ఎంత ఎత్తులో బిగించారో చూడండి. మునిగిన ఇళ్లలో దాన్ని పైకి మార్చి ఉంటారు.

నల్లా నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా, ఎంతసేపు, బోరు ఉందా అని కూడా అడగండి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఐదుగురికి 675 లీటర్లు. రోజు విడిచి రోజైతే 1,350. సంపు 2,000 లీటర్లకు తగ్గకూడదు. ట్యాంకు మూతకు మాత్రం తప్పకుండా తీగ చుట్టించండి, కోతులు ఎత్తేస్తాయి. స్తంభం నుంచి వచ్చే ఇంటర్నెట్ ఫైబర్‌నూ పట్టుకుని వేలాడతాయి. గోడమీది భాగమైనా పైపులోంచి వేయించి, వేరే కంపెనీ సిమ్ ఒకటి పెట్టుకోండి, పని ఆగదు.

అడిగినవారు: హంటర్ రోడ్డు దగ్గర కింది అంతస్తు ఒకటి నచ్చింది. తీసుకోవచ్చా?

చెరువుకట్ట: 2023లో హంటర్ రోడ్డు మీదే నీళ్లు పారాయండీ. అదే ఇంట్లో పై అంతస్తు దొరికినా, మామయ్యగారిని రాత్రిపూట బయటికి తీసుకెళ్లే దారి మునగదని తేలాకే తీసుకోండి. సుబేదారి, నక్కలగుట్ట వైపు కూడా చూడండి.

ఏకశిల: స్టెంట్ ఉన్న మనిషికి ఆస్పత్రి బోర్డు చూసి ధైర్యపడొద్దు. క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసి స్టెంట్ వేసే గది) రాత్రిపూట నడుస్తుందా, కార్డియాలజిస్టు పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు, ఈ రెండూ ముందే వెళ్లి అడగండి. పాత డిశ్చార్జి సమ్మరీ, యాంజియో సీడీ ఇంట్లో చేతికందేలా పెట్టుకోండి.

పాపకు మాత్రం ఈ ఊరంత మంచిది దొరకదు. సాయంత్రం భద్రకాళి బండ్, ఆదివారం పొద్దున ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాలు. 1163 నాటి వేయిస్తంభాల గుడిని మామూలు రోజు ఒకసారి, ఎంగిలిపూల బతుకమ్మనాడు ఒకసారి చూపించండి. రామప్ప గుడి 1213లో కట్టింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి. నీళ్లమీద తేలే ఇటుకలతో శిఖరం కట్టారని చెప్పి, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనిక (స్త్రీ శిల్పం) ఎక్కడుందో పాపనే వెతకమనండి. పొద్దున ఎండ ముదరకముందే అది చూసుకుని మధ్యాహ్నం లక్నవరం చెరువుకు పోవచ్చు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆ రోడ్డెక్కకండి, గంటలకొద్దీ ఇరుక్కుపోతారు.