మాల్దీవుల్లో ఇంగ్లీష్ టీచర్‌గా చేరా, అలవాటు పడలేకపోతున్నా, సలహా ఇవ్వండి

ఒంగోలు_టీచర్

అందరికీ నమస్కారం అండి. నేను ఎమ్మే బీఈడీ, ఒంగోలు దగ్గర ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లీష్ చెప్పేదాన్ని. ఈ మధ్యే మాల్దీవుల్లో గవర్నమెంట్ స్కూల్లో పోస్టింగ్ వచ్చింది, రాజధాని మాలేలో కాదు, ఉత్తరం వైపు అటాల్‌లో (అంటే దీవుల గుంపులో) ఒక చిన్న దీవి, ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే పావుగంట కూడా పట్టదు. గ్రేడ్ 7, 8 ఇచ్చారు. పిల్లలు మంచోళ్ళే కానీ బోర్డు మీద రాసి నోట్స్ రాసుకోండి అంటే రాయరు, ఎందుకు మిస్ అని మొహం మీదే అడుగుతారు. యూట్యూబ్ చూసి, గేమ్స్ ఆడి ఇంగ్లీష్ గలగలా మాట్లాడేస్తారు, ఒక్క పేరా రాయమంటే మాత్రం రెండు లైన్లకి పెన్ను కింద పెట్టేస్తారు. మొన్న ఒక పేరెంట్ వచ్చి మిస్ మాట్లాడేది మా అబ్బాయికి అర్థం కావట్లేదని లీడింగ్ టీచర్‌కి (మా మీద ఉండే సీనియర్ టీచర్) చెప్పి వెళ్ళింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదండి, ఇన్నేళ్ళు ఇంగ్లీషే చెప్పాను కదా. పైగా నేను గుడ్డు తప్ప నీచు తినను, ఇక్కడేమో టిఫిన్‌లో కూడా చేపే. మా ఆయన, పాప ఊళ్ళోనే ఉన్నారు. శుక్ర, శనివారాలు వస్తే రూములో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోవాలి. వదిలేసి వచ్చేద్దామా అనిపిస్తోంది. అక్కడ పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_సర్

అక్కా, నేను దక్షిణాన అడ్డూ అనే అటాల్‌ల చాలా ఏండ్లు చేసిన, ఇంగ్లీషే. ముందుగాల ఆ పేరెంట్ మాట గురించి చెప్త, అది మనసుకు తీసుకోకు. మనం ప్రతి అక్షరం ఒకే బరువుతోని, స్పీడుగ అంటం, వాళ్ళ చెవులకేమో అమెరికా వీడియోలు అలవాటు, గంతే తేడా. యాస మార్చుకోవద్దు, దొంగ యాస పిల్లలు ఇట్టే పట్టేస్తరు. కొంచెం నిదానంగ, వాక్యంల ముఖ్యమైన మాట మీద బరువు పెట్టి మాట్లాడు, కొత్త మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాయి. కొన్నాళ్ళకు వాళ్ళ చెవి నీకు అలవాటైతది, నీ చెవి వాళ్ళకు అలవాటైతది.

ఇగ ఎందుకు అని అడుగుడు ఎదిరించుడు కాదు, అక్కడ పిల్లలు పెద్దోళ్ళతో గట్లనే మాట్లాడుతరు. కొట్టుడు లేదు, గట్టిగ అరిస్తే పని మొత్తం చెడిపోతది. మన దగ్గర ప్రశ్న జవాబు రాపిచ్చి బట్టీ పట్టిస్తే మార్కులు వస్తయి, ఆడ పదో గ్రేడ్‌ల రాసేది కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ, అంటే బ్రిటన్ బోర్డు పరీక్ష, చూడని పాఠం ఇచ్చి చదివి రాయమంటరు, విని రాయాలె, మాట్లాడాలె, నోట్స్ ఎందుకూ పనికిరాదు. అందుకే వాళ్ళకు నోట్స్ మీద గౌరవం లేదు, వాళ్ళు అడిగేది న్యాయమే అనిపిస్తది నాకైతే.

రాసుడు గురించి నేను చేసింది చెప్త. మాట్లాడొస్తది కద, అక్కడ్నుంచే మొదలువెట్టు. మొన్నటి ఫుట్‌బాల్ మ్యాచో, నాయినతోని చేపలకు పోయిందో, వాన గాలికి పడవ ఆగిపోయి మాలేల చిక్కుకున్నదో చెప్పమను, పక్కోడు ఫోన్ల రికార్డు చేస్తడు, తర్వాత అది విని ఇద్దరు కలిసి కాగితం మీద పెట్టాలె. మొదటిసారి తప్పులు దిద్దకు, ఎర్ర పెన్ను జేబుల్నే ఉండాలె. రెండోసారి ఒక్కటే విషయం చూడు, ఫుల్‌స్టాపులు అనుకో, లేదంటే పాస్ట్ టెన్స్. ఎనిమిదో గ్రేడ్ పిల్లలు గిట్లనే పేజీ దాక వచ్చిన్రు, నిజంగ సంతోషమైతది చూస్తే.

కాకినాడ_శ్రీ

చెల్లీ, తిండి గురించి నేను చెప్తాను, నేనూ శాకాహారినే. దీవుల్లో కూరగాయలు పెద్దగా పండవు, మాలే నుంచి సరుకుల పడవ ఎప్పుడొస్తుందో షాపులో కనుక్కుని ఆ రోజే వెళ్ళిపో, మర్నాటికి క్యాబేజీ, క్యారెట్ తప్ప ఏమీ మిగలదు. బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఎక్కువ మన దేశం నుంచే వస్తాయి, 2024లో కూడా వీటికి మాల్దీవులకని ప్రత్యేకంగా కోటా ఇచ్చారు, వాటికి కంగారు లేదు. ఇంకో మాట, చుట్టుపక్కల ఇళ్ళ పెరళ్ళు చూశావా? మునగ చెట్టు, కరివేపాకు అక్కడ మామూలే, వాళ్ళూ వండుకుంటారు. అడిగితే కొమ్మ విరిచి ఇస్తారు, డబ్బులు తీసుకోరు. కొబ్బరికాయలకి లోటు లేదు. మునగాకు పప్పు, కొబ్బరి పచ్చడి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ఉంటే రోజు వెళ్ళిపోతుంది. వాళ్ళింటికి పిలిచినప్పుడు మాత్రం చేప తిననని ముందే చెప్పు, చెప్పకపోతే ప్రేమగా మాస్ హుని పెట్టేస్తారు, అందులో కొబ్బరితో పాటు చేప ఉంటుంది.

నిన్ను తినేస్తున్నది తిండీ కాదు, పిల్లలూ కాదు, ఆ గది. సాయంత్రం ఐదింటికి తాళం వేసి బయటకి రా. ఆడవాళ్ళు బాషి అని అక్కడి బంతాట ఆడుతుంటారు, లేదంటే వాలీబాల్, పక్కన నిలబడి చూడు చాలు, వాళ్ళే పిలుస్తారు. వాళ్ళ భాష దివేహిలో నాలుగు మాటలు నేర్చుకో, కిహినే (ఎలా ఉన్నారు) అని పలకరిస్తే ముసలమ్మలు చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. ఒకసారి ఊరివాళ్ళకి నువ్వు దగ్గరైతే ఆ పేరెంట్ లీడింగ్ టీచర్ దగ్గరికి వెళ్ళదు, రోడ్డు మీద నీతోనే మాట్లాడుతుంది. నా అనుభవంలో క్లాసు కూడా అప్పుడే దారికొస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలందరూ ఎవరో ఒకరి మనవలే కదా.

నెల్లూరు_బాబాయ్

అమ్మా, ఉండలేకపోతే వచ్చెయ్యడంలో సిగ్గు పడాల్సిందేం లేదు. కానీ చెప్పకుండా రావద్దు, కాంట్రాక్ట్‌లో నోటీసు ఎన్ని రోజులో చదువు, టికెట్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చూడు. పాస్‌పోర్ట్ నీ దగ్గరే పెట్టుకో. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నా, మన పాస్‌పోర్ట్‌కి అక్కడ దిగగానే 90 రోజుల వీసా ఫ్రీగా ఇస్తారు, అది తిరగడానికే, దాని మీద ఉద్యోగం చేయకూడదు. ముందు వెళ్ళిపోండి, వర్క్ పర్మిట్ తర్వాత చూసుకుందాం అనే ఏజెంట్ మాట వినొద్దు.

ఒంగోలు_టీచర్

అందరికీ చాలా థాంక్స్ అండి, చదువుతుంటే కళ్ళు నిండిపోయాయి నీళ్ళతో. అన్నా, రికార్డింగ్ పద్ధతి ఆదివారం గ్రేడ్ 8లో మొదలుపెడతాను. అక్కా, మా ఓనర్ వాళ్ళ పెరట్లో మునగ చెట్టు ఉంది, అడుగుతాను. ఇంకో రెండు డౌట్లు. పండగకి వినాయకుడి చిన్న ప్రతిమ ఇంటి నుంచి తెప్పించుకోవచ్చా? డబ్బులు పంపడం ఎలా?

కాకినాడ_శ్రీ

ప్రతిమ వద్దమ్మా. విగ్రహాలు దేశంలోకి తేవడం నిషేధం, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. బయట పూజ చేయడం కూడా కుదరదు. గదిలో మనసులో దణ్ణం పెట్టుకో, ఇంట్లోవాళ్ళతో వీడియో కాల్‌లో పూజ చూడు, నేను అలాగే చేశాను. రంజాన్‌లో పగలు బయట తినడం, నీళ్ళు తాగడం చేయకు.

కరీంనగర్_సర్

డబ్బుల సంగతి ముందే తెల్సుకోవాలె అక్కా. జీతం రుఫియాలల్ల, అంటే అక్కడి కరెన్సీల వస్తది, అవి దేశం దాటితే చెల్లయి. అధికారిక రేటు డాలర్‌కు 15.42, కానీ ఆ రేటుకు డాలర్లు దొరుకుడు కష్టం. మాలేల మన ఎస్‌బీఐ ఉంది, నెలకు ఇంత పంపొచ్చు అని పరిమితి ఉంటది, అది మారుకుంట ఉంటది, మాలే పోయినప్పుడు అడుగు. ఇంట్ల ఈఎమ్ఐ ఏదన్న ఉంటే ఆ పరిమితిని బట్టే లెక్క వేసుకో, మొత్తం జీతం ఇంటికి చేరుతదని అనుకోకు.