ఒప్పుతప్పెరుగునా, ఒప్పుతప్పరయునా?

పుస్తకాల పిచ్చి:
ఈమధ్య వచ్చిన కొత్త నవలలు వరసపెట్టి చదివాను. మొహమాటాలు పక్కనపెట్టి నాకు అనిపించింది అనిపించినట్టు రాద్దామని కూర్చున్నాను. పైన శీర్షికగా అల్లసాని పెద్దన గారి ‘నిరుపహతిస్థలంబు’ అనే చాటువులోంచి, అంటే విడిగా చెప్పిన పద్యంలోంచి, ఒక ముక్క పెట్టాలని ఆశ. ‘ఒప్పుతప్పెరుగు రసజ్ఞులు’ అని నోటికొస్తోంది కానీ ఎక్కడో తేడా కొడుతోంది. ఎరుగునా, అరయునా? ఇంకో అనుమానం: చివర్లో వచ్చే ‘పాఠకోత్తములు’ అంటే నాలాగా నవలలు చదివేవాళ్లేనా?

నా అభిప్రాయాలు ఏ ధోరణిలో ఉన్నాయో చెప్తాను. ఒక నవల మొదటి వంద పేజీలు పరుగున చదివించింది. ఆ తర్వాత రచయిత పోగుచేసిన చరిత్రంతా పాత్రల నోట ఉపన్యాసాలుగా బయటికొచ్చింది. దండయాత్ర మీద ఉన్న సైనికుడు పక్కవాడికి శిస్తు లెక్కలు వివరిస్తాడు! ఇంకోదాంట్లో అవ్వ మాట్లాడే సీమ యాస బంగారం. కథకుడు నోరు విప్పితే మాత్రం దినపత్రిక సంపాదకీయం. మూడోదాని గురించి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. రచయిత బాగా తెలిసినవాడు.

గణయతిప్రాస:
అరయు. చర్చ అక్కర్లేదు. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, చూడండి: నిరుపహతిలో రు, కప్పురంలో ర, దొరికినలో రి. అన్నీ మామూలు ర. ఎఱుగులో ఉన్నది బండి ఱ. పెద్దన ఈ రెంటికీ ప్రాస కలిపేవాడు కాడు.

అంతకన్నా గట్టి సాక్ష్యం యతి, అంటే చంపకమాలలో పాదం మొదటి అక్షరానికీ పదకొండోదానికీ ఉండాల్సిన మైత్రి. మూడో పాదం ‘ప్ప’తో మొదలవుతుంది, పదకొండో అక్షరం ‘తెలియంగల’లోని యం. ప-కీ య-కీ ఏం చుట్టరికం? తప్పు+అరయు అని విడదీస్తే లోపల దాక్కున్న అ-కి య-తో మైత్రి కుదురుతుంది. అక్కడ ఎరుగు పెట్టారంటే ప్రాస, యతి రెండూ ఒక్క దెబ్బకి పోతాయి.

చాటువుల సంచి:
పద్యం మొత్తం ఉంటే మంచిది కదా. నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

నిరుపహతిస్థలంబు రమణప్రియదూతిక తెచ్చియిచ్చు క
ప్పురవిడె మాత్మకింపయిన భోజన ముయ్యలమంచ మొప్పుత
ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖకపాఠకోత్తముల్
దొరికినఁగాక యూరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే!

కావ్యం రాయమని రాయలవారు అడిగితే పెద్దన చదివిన కోరికల జాబితా ఇది. ఇప్పటి నవలా రచయితలు వీటిలో సగం లేకుండానే రాసేస్తున్నారు. అందుకే అలా ఉన్నాయంటే కోప్పడకండి.

గణయతిప్రాస:
సంచి గారూ, రమణప్రియ కాదు, రమణీప్రియ. గణాలు రెండు పాఠాలకీ సరిపోతాయి, ఎందుకంటే ‘ప్రి’ ముందున్న ణ ఎలాగూ గురువే. అక్కడే అందరూ బోల్తా పడతారు. మొదటి అక్షరం ని, పదకొండోది ణీ. ణ అంటే హల్లు కలుస్తుంది, అచ్చు కలవదు.

చాటువుల సంచి:
మా తాతగారు రమణప్రియ అనేవారు. ఆయనకి శతావధానుల స్నేహం ఉండేది.

గణయతిప్రాస:
తాతగారి మీద గౌరవం ఉంది. యతి మీద ఇంకొంచెం ఎక్కువ ఉంది.

డల్లాస్ అత్తయ్య:
యతి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. రమణీప్రియదూతిక అంటే రమణికి ఇష్టమైన దూతికా, లేక దూతికే రమణీయంగా ఉండాలా? ఒకావిడ కబురు తేవాలి, తాంబూలం తేవాలి, అందంగానూ ఉండాలి. వంట చేసిన ఆవిడకి మాత్రం పద్యంలో పేరు లేదు, ‘ఆత్మకింపయిన భోజనము’ దానంతటదే వడ్డించుకున్నట్టు వచ్చేసింది. పెద్దన అంటే నాకు ప్రాణమే గానీ ఈ పద్యం విన్నప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త ఒళ్లూ మండుతుంది.

గోదారి గట్టు:
అత్తయ్యగారూ, బాగా అన్నారు. నాకు వేరే చోట దురద. ఉయ్యలమంచమా, ఊయలమంచమా? రెండూ గణాలకి సరిపోతాయి, అక్కడ యతి కూడా లేదు. గణయతిప్రాస గారు దీన్ని ఎలా తేలుస్తారో చూడాలని ఉంది.

గణయతిప్రాస:
దీన్ని ఛందస్సు తేల్చదు. ఒప్పుకుంటాను.

గోదారి గట్టు:
హమ్మయ్య. సరే, అసలు మాటకి వస్తాను. మనం వాడుకలో ‘తప్పొప్పులు’ అంటాం. పెద్దన ఒప్పు ముందు పెట్టాడు, తప్పు తర్వాత. నా దృష్టిలో ఈ చాటువు కీలకం ఇదే. రసజ్ఞుడు ముందు ఒప్పు వెతకాలి, తర్వాతే తప్పు. పిచ్చి గారూ, మీరు రాసేటప్పుడు అవ్వ యాసతో మొదలుపెట్టండి, సంపాదకీయం కిందికి పోనివ్వండి. అది పెద్దన చూపించిన వరస.

తాటాకు:
వరసా లేదు, వాయీ లేదు. రెండో పాదం చివర గురువు, లఘువు, గురువు రావాలి. ‘మంచ మొప్పుత’ అని రాస్తే సరిగ్గా పడుతుంది. ‘మంచము తప్పొ’ అని రాస్తే ర-గణం చెడుతుంది. ఒప్పు ముందు రావడానికి కారణం పెద్దన మంచితనం కాదు, చంపకమాల.

గోదారి గట్టు:
ఆంధ్రకవితాపితామహుడికి గణం కుదరక వరస మార్చుకోవలసి వచ్చిందంటారా? ఆయన కావాలనుకుంటే పాదమంతా తిప్పి కట్టేవాడు. ఛందస్సు చాలక అన్నాడనే మాట మనలాంటివాళ్లకి వర్తిస్తుంది గానీ ఆయనకి కాదు.

తాటాకు:
సరే. అయితే నా ప్రశ్నకి జవాబు చెప్పండి. ‘రసజ్ఞు లూహ’ అని అందరూ విడదీసి రాస్తున్నారు. ఆ లూ-లో ఉన్నది లు-నా, ల-నా?

రసజ్ఞులు+ఊహ అయితే రసజ్ఞులు ఒక వర్గం, ఊహ తెలిసిన లేఖకపాఠకులు ఇంకో వర్గం. అప్పుడు ‘ఊహ’ ఎవరిది? కవిది అని మనమే తెచ్చి కలుపుకోవాలి. అలా కాక రసజ్ఞుల+ఊహ అనుకోండి. ఒప్పుతప్పులు అరసే రసజ్ఞుల ఊహ ఎలా పోతుందో తెలిసిన లేఖకులు, పాఠకులు కావాలని అర్థం. వాక్యం ఎంత బిగువుగా ఉందో చూడండి. పెద్దన విమర్శకుణ్ణి గదిలోకి పిలవనే లేదు. విమర్శకుడు ఏమంటాడో ముందే పసిగట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టమన్నాడు.

గణయతిప్రాస:
ఉత్వసంధి ఉండగా అత్వసంధి దాకా ఎందుకు వెళ్లారు? రసజ్ఞులు+ఊహ నిత్యం, నిరాటంకం. రసజ్ఞుల+ఊహ అంటే బహుళం.

తాటాకు:
బహుళం అంటే జరగవచ్చనేగా.

గణయతిప్రాస:
బహుళం అంటే మీ ఇష్టం అని కాదు. పైగా పద్యం నడక చూడండి. స్థలంబు, విడెము, భోజనము, మంచము... అన్నీ ప్రథమావిభక్తిలో వరసగా వస్తున్నాయి. వాటి పక్కన రసజ్ఞులు, ఆ తర్వాత లేఖకపాఠకోత్తముల్. ఆ వరసలో నడుస్తున్న చెవికి ఒక్కసారిగా ‘రసజ్ఞుల’ అనే షష్ఠి వినపడదు.

తాటాకు:
వినపడేవాళ్లకి వినపడుతుంది.

హైదరాబాదీ:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. లేఖకుడంటే రచయితే కదా? అంటే పెద్దన తోటి రచయితలు కావాలన్నాడు, వాళ్లతో పాటు పాఠకులు. రచయితలూ పాఠకులూ కలిసి కూర్చునే సభ అన్నమాట. మన పుస్తకావిష్కరణల్లాగా.

చాటువుల సంచి:
అది హిందీ లేఖక్, బాబూ. పద్యంలో లేఖకుడు వ్రాయసగాడు. కవి నోటితో చెప్తాడు, అతను ఘంటంతో తాటాకు మీద గీస్తాడు. పాఠకుడు రాసింది పైకి చదివి వినిపించేవాడు. వీళ్లకి ఊహ తెలియాలని ఎందుకన్నాడంటే, కవి ‘రమణీ’ అంటే వ్రాయసగాడు ‘రమణ’ అని గీస్తే కొంప మునుగుతుంది కాబట్టి.

గణయతిప్రాస:
ఆ ఉదాహరణ మీరే ఇవ్వడం చాలా సంతోషం.

డల్లాస్ అత్తయ్య:
అయితే ఈ కాలంలో లేఖకుడంటే డీటీపీ చేసే అబ్బాయి, పాఠకుడంటే ప్రూఫులు దిద్దే మాస్టారు. కొత్త నవలల్లో పెద్దన కోరికల జాబితాలోంచి మొట్టమొదట మాయమైంది ఈ ఇద్దరే. మొన్న కొన్న నవలలో నాయిక పేరు మూడు రకాలుగా అచ్చయింది. మొదట్లో కొత్త పాత్రలేమో అనుకున్నాను. వెనక అట్ట మీద నలుగురు పెద్దల మెప్పులున్నాయి. ఆ నలుగురిలో ఒక్కరు పుస్తకం చదివినా ఆ పేరు సరిచేయించి ఉండేవారు.

పుస్తకాల పిచ్చి:
అత్తయ్యగారూ, నేనూ అదే రాసుకున్నాను! ముందుమాటలు నవల కన్నా శ్రద్ధగా ఉంటున్నాయి. కానీ పాఠకుడంటే పైకి చదివేవాడు అయితే, మరి నాలాంటిదాన్ని పెద్దన ఏమనేవాడు? నేను రసజ్ఞుల లెక్కలోకి వస్తానా, ఎక్కడికీ రానా?

చాటువుల సంచి:
మీకు ఈ పద్యం వద్దమ్మా. కవి చౌడప్ప ఉన్నాడు.

పెద్దనవలెఁ గృతి సెప్పినఁ
బెద్దనవలె, నల్పకవినిఁ బెద్దనవలెనా?
యెద్దనవలె, మొద్దనవలె,
గ్రద్దనవలెఁ గుందవరపు కవిచౌడప్పా!

నిజాయితీగా నవలల మీద రాయాలనుకునేవాళ్లకి ఇంతకన్నా శీర్షిక దొరకదు. ‘అల్పకవిని పెద్ద అనవలెనా?’ అని పెట్టండి. వెనక అట్ట మీద మెప్పులన్నిటికీ ఒక్కటే జవాబు.

గోదారి గట్టు:
పెట్టారంటే ఆ తెలిసిన రచయిత ఈ జన్మకి మాట్లాడడు. ఎద్దు, మొద్దు దాకా వెళ్లక్కర్లేదు. చౌడప్ప నోరు చౌడప్పకే చెల్లింది.

హైదరాబాదీ:
నవలని గట్టిగా విమర్శించడం ఇప్పుడు పుట్టింది కాదు కదా. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878లో మొదలైంది. దాని మీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఏకంగా ఒక విమర్శ గ్రంథమే రాశారు. రచయిత ఎంత పెద్దవాడైనా జంకలేదు. మనకి నవలా, దాన్ని చీల్చి చూసేవాడూ ఇంచుమించు ఒక కాలంలోనే పుట్టారు.

గోదారి గట్టు:
మొదటి నవల అనకండి, 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రే మొదటిదనేవాళ్లు వచ్చేస్తారు.

హైదరాబాదీ:
నేను ‘మొదటి’ అనలేదు సార్. జాగ్రత్తగానే రాశాను.

చాటువుల సంచి:
ఎవరేమన్నా పెద్దన అదృష్టం వేరు. ఉయ్యాలమంచం అడిగితే రాయలు అంతకు మించే ఇచ్చాడు. కోకట గ్రామం, ఇంకా ఎన్నో అగ్రహారాలు, అడిగిన సీమల్లో. దారిలో ఎదురైతే ఏనుగుని ఆపి, చెయ్యందించి ఎక్కించుకున్నాడు. రాయలు పోయాక చెప్పిన సీసపద్యంలో అదంతా చెప్పుకుని చివరికి ‘బ్రదికియున్నాఁడ జీవచ్ఛవంబ నగుచు’ అన్నాడు. ఆ సీసం చదివాక ఈ చాటువులోని దర్జా వేరేగా వినిపిస్తుంది నాకు. ఇక్కడ పట్టుపడుతున్నది గొప్ప కోసం కాదు, అడిగితే కాదనని మనిషి ఎదురుగా ఉన్నాడు కనక.

డల్లాస్ అత్తయ్య:
సంచి గారూ, ఇది బాగా చెప్పారు. మీ రమణప్రియని క్షమించేస్తున్నాను.

పుస్తకాల పిచ్చి:
శీర్షిక ‘ఒప్పుతప్పరయు’ అనే ఖాయం చేసుకున్నాను. నాకు ఆ క్రియ నచ్చింది. ఎరుగు అంటే ముందే తెలిసినవాళ్లం అన్నట్టుంటుంది, అరయు అంటే వెతకాలి. ఆ చరిత్ర నవలని ఇంకోసారి తిరగేశాను. ఉపన్యాసాల మధ్యలో కోట మంగలి వచ్చే ఒక అధ్యాయం మొదటిసారి నా కళ్లబడలేదు, చాలా బాగుంది. అది చేర్చాను. కానీ ఆ సైనికుడి శిస్తు లెక్కల సంగతి తీసెయ్యలేదు. ఇక మూడో నవల మాటేమిటి? తెలిసినవాడి పుస్తకం గురించి మీరైతే రాస్తారా, మానేస్తారా?

తాటాకు:
ఆ మాట తర్వాత. నా ల-ని ఎవరూ కొట్టలేకపోయారు, గమనించారా?

గణయతిప్రాస:
కొట్టాను. మీరు పడలేదు, అంతే.

గోదారి గట్టు:
ఇద్దరూ వేటూరి ప్రభాకరశాస్త్రి గారి చాటువుల సంకలనం, చాటుపద్యమణిమంజరి, తీసి చూడరాదూ?

తాటాకు:
అందులో పద్యం ఉన్నా లూ అనే ఉంటుంది. నోటిమీద తిరిగిన చాటువుని అచ్చు వేసినవాడు సంధి విప్పి చూపిస్తాడా?

గణయతిప్రాస:
సరే, పెద్దన ప్రయోగమే చూపించండి. మనుచరిత్ర ఆరు ఆశ్వాసాలు మీ ముందున్నాయి. బహువచనం మీద షష్ఠి ల, దాని మీద అచ్చు వచ్చి, ఆ అత్తు లోపించిన చోటు. ఒక్కటి చాలు, నేను మీ పాఠం ఒప్పుకుంటాను.

తాటాకు:
వెతుకుతున్నాను. రెండో ఆశ్వాసంలో వరూధిని దగ్గర ఆగిపోయాను. సంధుల కోసం చదవడం కుదరడం లేదు.

చాటువుల సంచి:
ప్రవరుడికే కుదిరింది అది. మీరు నెమ్మదిగా రండి.