ఏడేళ్ల తర్వాత బావ జైలు నుంచి వస్తున్నాడు, ఇప్పట్నుంచే ఏం చూసుకోవాలి?

పర్లాకిమిడి_తమ్ముడు:
మా బావ బరంపురం జైల్లో ఏడేళ్ల శిక్ష పూర్తి చేసుకుని రెండు నెలల్లో వస్తున్నాడు. అంతకుముందు లారీ డ్రైవరు. రాగానే మళ్లీ బండెక్కేస్తానని ములాకత్‌కి వెళ్లినప్పుడల్లా అంటున్నాడు. అప్పకేమో (మా అక్కకి) ఊళ్లోవాళ్ల మాటలు, పిల్లాడి స్కూలు, అన్నీ కలిపి టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_గుమాస్తా:
అన్నిటికంటే ముందు ఆయన మీద ఇంకే కేసైనా ఉందేమో చూడండి. లారీ డ్రైవరన్నారు కాబట్టి చెప్తున్నా, ఇక్కడ శిక్ష పడిన మనిషికి అటు శ్రీకాకుళం వైపు కోర్టులో ఎప్పటిదో యాక్సిడెంటు కేసు పెండింగులో ఉండొచ్చు, అక్కడినుంచి పీటీ వారెంటు (జైల్లో ఉన్న మనిషిని తమ కోర్టుకి తెమ్మనే ఆర్డరు) వచ్చిందంటే ఇంటికి రావాల్సినవాణ్ని అటే తీసుకుపోతారు. జరిమానా కట్టారా లేదా అన్నదీ చూసుకోండి, కట్టకపోతే దానికి బదులు వేసిన జైలు కూడా అయ్యాకే వదులుతారు. లాయరు కావాలంటే లోపల ఉండగానే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టించండి. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయం చూడకుండా ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

రాయగడ_డ్రైవరన్న:
తమ్ముడూ, లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే. లారీ లైసెన్సు ఐదేళ్లకే అయిపోతుంది. వచ్చిన వారంలో స్టీరింగు పట్టడం కుదరదని ములాకత్‌లోనే చెప్పెయ్, ఇంటికొచ్చాక తెలిస్తే మనిషి కుంగిపోతాడు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకు ఖాతా కూడా ఆగిపోతుంది, కేవైసీ ఇస్తే తెరుస్తారు, దానికి డబ్బులేం తీసుకోరు. లోపల చేసిన పనికి కూలి ఎంత జమైందో లెక్క అడగండి.

మహేంద్రతనయ_ఒడ్డు:
కాగితాలు సరే, ఇంట్లో సంగతి కూడా ఆలోచించు తమ్ముడూ. మా అన్నయ్య వచ్చిన కొత్తలో గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగిపోయేవాడు, తలుపు తీసే ఉందిరా అంటే గానీ దాటేవాడు కాదు. తిన్న కంచం ఎవరికీ ఇవ్వకుండా తనే కడిగి గోడవారన బోర్లించేవాడు. చుట్టాలు పలకరింపులని వస్తే లోపలి గదిలోకి పోయేవాడు, మీరైతే కొన్నాళ్లు ఎవర్నీ రానివ్వకండి. ఫోన్లో డబ్బులు పంపడం మా పిల్లలే నేర్పారు. ఏడేళ్లు మీ అప్ప ఒక్కతే ఇల్లు నెట్టుకొచ్చింది, ఆ పెత్తనం ఆవిడ చేతిలోంచి లాక్కోకుండా ఇద్దర్నీ ముందే మాట్లాడుకోమను. పిల్లాడికి నిజం మీరే చెప్పండి, బడిలో ఇంకెవరో చెప్పేలోపు.

పర్లాకిమిడి_తమ్ముడు:
అప్పకి అన్నీ చదివి వినిపించా. పాతపట్నం దగ్గర ఏదో యాక్సిడెంటు అయిందని ఇప్పుడు చెప్తోంది. అది ఏ కోర్టులో ఉందో ఎలా తెలుస్తుంది?

బరంపురం_గుమాస్తా:
ఈకోర్ట్స్ సైట్లో ఆంధ్ర, శ్రీకాకుళం జిల్లా పెట్టి పేరు కొట్టండి, ఎఫ్‌ఐఆర్ నంబరు దొరికితే దాంతోనూ వెతకొచ్చు. ఇక్కడి కాగితాల్లో ఇంటిపేరు చివర రాస్తారు, అక్కడ ముందు రాస్తారు, రెండు రకాలుగానూ చూడండి. కనబడితే వెంటనే ఇక్కడ రాయండి.